కొలిమిలో ఉన్నవారి సాక్ష్యం కూడా వినండి: తెలుగు సంఘాల కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సంఘాల కాపరులకు, సంఘ పెద్దలకు, సువార్త మహాసభల నిర్వాహకులకు, బైబిలు పాఠశాలల బోధకులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై నాలుగేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఒంగోలు ప్రాంతంలోని ఒక సంఘంలో పుట్టి, అక్కడే బాప్తిస్మం పొంది, అక్కడే ఆదివార పాఠశాలలో పిల్లలకు చెప్పి, నేటికీ అదే మందిరంలో ప్రభువు బల్లలో పాలు పొందుతున్నదాన్ని. ఈ లేఖలోని సంగతిని మొదట మా సంఘ పెద్దల సమావేశంలో చెప్పాను. "చూద్దామమ్మా" అన్నారు. ఆ తరువాత ఒక మహాసభ నిర్వాహకులకు ఒకటి, మా ప్రాంతపు కాపరుల సహవాసానికి ఒకటి, రెండు ఉత్తరాలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పద్నాలుగు నెలలు గడిచినా వాటికి జవాబు రాలేదు. సంఘపు మాట వీధిలో పెట్టడం నాకు ఇష్టమైన పని కాదు. లోపల చెప్పిన మాటను ఎవరూ వినిపించుకోలేదు కాబట్టే ఇలా బయటినుంచి రాయవలసి వచ్చింది.

నా ఫిర్యాదు ఒక్క మాటలో ఇది. విశ్వాసులను దేవుడు శ్రమల కాలంలో మలుస్తాడని, రాబోయే పనికి సిద్ధపరుస్తాడని మీరు బోధిస్తున్నారు. ఆ బోధను నేనూ నమ్ముతున్నాను. అయితే శ్రమలో ఉన్న మనిషి మన ఎదుటికి వచ్చి నిలబడినప్పుడు మన వేదికల మీద, మన ఇళ్లలో జరుగుతున్నది ఆ బోధకు పూర్తిగా ఎదురు. ఆ మనిషిని మలచే పనిలో దేవుడుంటే, ఆ మనిషికి తీర్పు చెప్పే పనిలో మనం ఉంటున్నాం.

నా చెల్లెలు అంగన్‌వాడీ కార్యకర్త. నలభై ఆరో ఏట ఆమె ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. నేను నర్సును కాబట్టి ఆలస్యం కానివ్వలేదు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. ఇతర భాగాలకు ఇంకా పాకలేదని, కొన్ని విడతల కీమోతో గడ్డను కుదించి తరువాత ఆపరేషన్ చేస్తామని డాక్టర్లు చెప్పారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి డబ్బు చిక్కు రాలేదు. రెండు విడతలు పూర్తయ్యాయి. జుట్టు ఊడింది, నోరంతా పూసింది, అయినా గడ్డ తగ్గినట్లు చేతికే తెలిసింది. మూడో విడతకు వెళ్లవలసిన వారంలో మా పట్టణంలో మూడు రాత్రులు స్వస్థత కూటాలు జరిగాయి. రెండో రాత్రి ప్రసంగీకులు ఆమె తలమీద చేయి ఉంచి ప్రార్థించి, స్వస్థత అయిపోయిందని, ఇక మందు ముట్టుకుంటే దేవుణ్ణి నమ్మనట్లేనని మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నా చెల్లెలు తన ఆసుపత్రి ఫైలును వేదికమీద పెట్టి వచ్చేసింది. నేను ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాను.

ఐదు నెలలు బతిమాలాను, ఏడ్చాను, కోప్పడ్డాను. నడుము నొప్పితో లేవలేని స్థితిలో మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి జబ్బు వెన్నెముకలోకి చేరింది. ఆ తరువాత పదకొండు నెలలు బతికింది. ఆ పదకొండు నెలల్లో ఇంటికి వచ్చిన విశ్వాసులలో కొందరు ఏదైనా దాచిన పాపం ఉందేమో ఒప్పుకోమన్నారు, కొందరు దశమభాగం ఎప్పుడైనా ఎగ్గొట్టావా అని అడిగారు, అక్క అవిశ్వాసమే స్వస్థతకు అడ్డుపడిందని ఒకరు నా ముఖం మీదే అన్నారు. ఒక సాయంత్రం నేను ఆమె పక్కదుప్పటి మారుస్తుండగా, "అక్కా, నేనేం దాచానో నాకే గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు నేనేమైనా చేశానా, నీకేమైనా గుర్తుందా?" అని అడిగింది. నా ఉద్యోగంలో ఎన్నో మరణాలు చూశాను. నొప్పికి ఇంజెక్షన్ ఉంది, ఆయాసానికి ఆక్సిజన్ ఉంది. ఆ ప్రశ్నకు మాత్రం నా చేతిలో ఏ మందూ లేకపోయింది.

ప్రార్థన మీద నాకు ఫిర్యాదు లేదని ముందే చెప్పుకుంటున్నాను. ఆమె కోసం నేనూ ఉపవాసమున్నాను. దేవుడు బాగుచేయగలడనీ నమ్ముతున్నాను. నేను అడుగుతున్నది వేరు. బాగుచేయని కాలంలో ఆయన ఏం చేస్తున్నాడో లేఖనాలు విస్తారంగా చెబుతుండగా, మనం ఆ పుటలను ఎందుకు తిప్పేస్తున్నాం?

యోసేపును అన్నలు అమ్మినప్పుడు అతనికి పదిహేడేళ్లు, ఫరో ఎదుట నిలిచినప్పుడు ముప్పై. మధ్యలోని పదమూడేళ్లలో బానిసతనం ఉంది, అబద్ధపు నింద ఉంది, చెరసాల ఉంది, పానదాయకుల అధిపతి మరచిపోయిన తరువాత మరో రెండేళ్లు ఊరికే గడిచిపోవడం ఉంది. కరువులో దేశాన్ని పోషించవలసినవాడికి ఆ పదమూడేళ్లు ఎంత పనికివచ్చాయో మనమందరం ప్రసంగాల్లో చెబుతాం. ఒక్క సంగతి మాత్రం చెప్పం. ఆ శ్రమ వెనుక దేవుని ఉద్దేశం ఉన్నదన్న మాట యోసేపు నోటినుంచే వచ్చింది, అదీ ఏళ్ల తరువాత, ఆదికాండము నలభై ఐదో అధ్యాయంలో అన్నలకు తన్ను తెలియజేసుకున్నప్పుడు, మళ్లీ చివరి అధ్యాయంలో వారు వచ్చి కాళ్లమీద పడినప్పుడు. చెరసాల అధిపతి వచ్చి అతనికి ఆ అర్థం చెప్పలేదు. శ్రమకు అర్థం చెప్పే హక్కు శ్రమపడినవాడిది, చెప్పే సమయం దేవునిది.

మోషే కథా అంతే. ఐగుప్తు విద్యలన్నీ నేర్చినవాడు మిద్యానులో నలభై ఏళ్లు మామగారి గొర్రెలు కాశాడు. ఆ ఎడారి దారులే తరువాత జనాన్ని నడిపించవలసిన దారులని అప్పుడు అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇక యోబు. మన ప్రసంగాల్లో యోబు గ్రంథం మొదటి రెండు అధ్యాయాలనుంచి నేరుగా చివరి అధ్యాయానికి దూకుతుంది. పోయినదంతా రెండంతలుగా తిరిగి వచ్చిందని చెప్పి ముగిస్తాం. మధ్యలో ఉన్న ముప్పై తొమ్మిది అధ్యాయాలలో ఎక్కువ భాగం ఒక రోగి పక్కన జరిగిన వాదనే. ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరిచాక వారు చెప్పినదంతా ఒకే బోధ: నీవు పాపం చేసి ఉంటావు, ఒప్పుకుంటే బాగుపడతావు. ఆ బోధలో భక్తి ఉంది, పద్యం ఉంది, దేవుని పేరు ఉంది. అయినా చివరికి దేవుడు కోపించింది యోబు మీద కాదు, వారి మీద. తన సేవకుడైన యోబు పలికినట్లు వారు తన్నుగూర్చి యుక్తమైనది పలకలేదన్నాడు. దేవుణ్ణి నిలదీసి ఏడ్చినవాడు సరిగా మాట్లాడాడని, దేవుణ్ణి సమర్థించినవారు తప్పుగా మాట్లాడారని దేవుడే తీర్పు చెప్పిన ఆ నలభై రెండో అధ్యాయం ఏడో వచనాన్ని నా అరవై ఆరేళ్లలో ఏ మహాసభలోనూ మూలవాక్యంగా తీసుకోగా నేను వినలేదు.

మీరు తరచుగా చెప్పే బంగారం పోలిక గురించి ఒక మాట. మా ఆసుపత్రికి వెళ్లే దారిలో కంసాలి వీధి ఉండేది. నైట్ డ్యూటీ దిగి వస్తూ ఒక ముసలి కంసాలి కొట్టు ముందు చాలాసార్లు నిలబడ్డాను. కుంపటిలో బొగ్గులు ఎర్రబడ్డాక మూసలో బంగారం వేసి, చిటికెడు వెలిగారం చల్లి, ఊదుగొట్టంతో సెగ పెంచేవాడు. ఆ సమయంలో ఎవరు పలకరించినా తల ఎత్తేవాడు కాదు. ఒకసారి కాసేపు వేచి ఉండి ఎందుకని అడిగాను. "సెగ తగ్గితే మలినం పోదమ్మా, ఎక్కువైతే మూస పగులుతుంది, బంగారమంతా బూడిదపాలు. కన్ను తిప్పితే ఎట్టా?" అన్నాడు. మలాకీ గ్రంథం మూడో అధ్యాయంలో వెండిని శుద్ధి చేసేవాని వలె ఆయన కూర్చుని ఉంటాడని రాయబడింది. ఆ కూర్చోవడం గురించి మనం చెప్పడం లేదు. మంట గురించే చెబుతున్నాం. ఊదుగొట్టం తమ చేతిలో లేని మనుషులు దారిన పోతూ తలా ఒక ఊపు ఊదిపోతే ఆ మూస ఏమవుతుందో ఆలోచించమని మిమ్మల్ని కోరుతున్నాను.

మన భాషలో ఉన్న ఒక చిక్కు కూడా ఇందుకు కొంత కారణమని నా అభిప్రాయం. మన బైబిలులో 'శోధన' అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలోనే నానావిధమైన శోధనలలో పడినప్పుడు అది మహానందమని ఎంచుకోమని ఒకచోట, దేవుడు ఎవనినీ శోధింపడని కొన్ని వచనాల తరువాత మరొకచోట చదువుతాం. గ్రీకులోనూ ఒకే మాటకు ఈ రెండు అర్థాలున్నాయి. మొదటిది పరీక్ష, నిలబెట్టడానికి వచ్చేది. రెండోది పాపానికి లాగే ప్రేరేపణ, పడగొట్టడానికి వచ్చేది. అబ్రాహాము సంగతి చెప్పేటప్పుడు మన అనువాదకులు జాగ్రత్తగా 'పరిశోధించెను' అన్నారు. ప్రభువు ప్రార్థనలో 'శోధనలోకి తేక' అన్నారు. ఈ తేడా చెప్పకుండా వదిలేస్తే, జబ్బు పడిన ప్రతి మనిషీ తాను ఏదో పాపపు ఉచ్చులో పడ్డాననే అనుకుంటాడు. నా చెల్లెలు అలాగే అనుకుంది.

దీనివల్ల సామాన్యులకు జరుగుతున్న నష్టం ఒక్క నా ఇంటితో ఆగలేదు. నేను కళ్లారా చూసినవే రాస్తున్నాను.

1. మందులు మానేస్తున్నవారు ఉన్నారు. క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందు వాడాలి. మొదటి రెండు నెలల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, మనిషి తేరుకుంటాడు. సరిగ్గా ఆ సమయంలోనే స్వస్థత సాక్ష్యం చెప్పించి మందు ఆపిస్తే, మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా మారి తిరగబడతాయి, ఇంట్లో పిల్లలకూ అవే అంటుకుంటాయి. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. చిన్నతనంలో వచ్చే చక్కెర వ్యాధికి ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఇవి విశ్వాసానికి ఎదురు మాటలు కావు. హిజ్కియా మరణకరమైన రోగానికి యెషయా ప్రవక్త ప్రార్థనతో పాటు అంజూరపు ముద్దను కురుపుకు కట్టమన్నాడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు చెప్పినది ఇంటి వైద్యమే. త్రోఫిమును రోగియై ఉండగా మిలేతులో విడిచి వచ్చానని అదే పౌలు రాశాడు, అతని విశ్వాసం చాలలేదని మాత్రం రాయలేదు.

2. అప్పుల పాలవుతున్నవారు ఉన్నారు. మా పేటలో పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఒక తల్లి, కొడుకు జ్వరం తగ్గాలని 'విశ్వాసపు విత్తనం' వేయమంటే చెవి కమ్మలు తాకట్టు పెట్టి కానుక ఇచ్చింది. కొడుకు జ్వరం టైఫాయిడ్ అని తేలి మందులతో తగ్గింది. కమ్మలు మాత్రం వడ్డీలో పోయాయి. ఆమె ఇప్పటికీ బోడి చెవులతో మందిరానికి వచ్చి వెనుక వరుసలో కూర్చుంటుంది. సంవత్సరంలో సగం రోజులే పని దొరికే ఇళ్లలో ఆ కమ్మలే బ్యాంకు, ఆ కమ్మలే ఇన్సూరెన్సు.

3. దెబ్బలు తింటున్న స్త్రీలకు ఇది శోధన, ఓర్చుకో, నీ ఓర్పు చూసి నీ భర్త మారతాడు అని చెప్పి పంపుతున్నాం. క్యాజువాల్టీలో విరిగిన చేతికి కట్టు కడుతుండగా, "మా పాస్టరయ్యగారు ఓర్చుకోమన్నారు సిస్టర్" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టుకోలేదు. ఈ పాయింటు మీద కాస్త నిలబడతాను, ఎందుకంటే ఇక్కడ మన తప్పు తిరగబడి కనిపిస్తుంది. జబ్బు వచ్చినవాడికి ఇది శిక్ష అంటాం, అది దేవుని పరీక్ష కావచ్చునన్న ఆలోచనే రానివ్వం. మనిషి చేసిన దౌర్జన్యానికేమో దేవుని పరీక్ష అని పేరు పెడతాం, అది నేరమన్న ఆలోచనే రానివ్వం. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పుకుని ఆ రాత్రే పారిపోయాడు. దమస్కులో పౌలును శిష్యులు గంపలో పెట్టి గోడమీదుగా దించారు. ఒక పట్టణంలో హింసిస్తే మరొక పట్టణానికి పారిపొమ్మని యేసు ప్రభువే చెప్పారు. దెబ్బనుంచి తప్పుకోవడం ఓర్పు లేకపోవడం కాదని ఈ లేఖనాలు చెబుతుంటే, గృహహింసనుంచి రక్షణకు 2005 నాటి చట్టం దేశంలో ఉండగా, మన సంఘపు ఆడబిడ్డను అదే గుమ్మానికి తిరిగి పంపే అధికారం మనకు ఎవరిచ్చారు?

4. ఊళ్లకు ఊళ్లనే నిందించే బోధ ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని తీసుకుపోయినప్పుడు నేను నర్సింగ్ చదువుతున్నాను. ఆ తరువాతి ఆదివారాల్లో అది పాపానికి శిక్ష అని ఒక ప్రసంగంలో విన్నాను. మా హాస్టల్లో ఆ ప్రాంతపు అమ్మాయి నా పక్కనే కూర్చుని ఉంది. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది యెరూషలేములోని ఇతరులకంటే ఎక్కువ అపరాధులు కారని ప్రభువు లూకా సువార్త పదమూడో అధ్యాయంలో తేల్చి చెప్పిన మాట ఆ రోజు ఎవరైనా చదివి ఉంటే ఆ పిల్ల మధ్యలో లేచి వెళ్లిపోయేది కాదు.

5. పిల్లలు వెళ్లిపోతున్నారు. నా చెల్లెలి కొడుకు తల్లి భూస్థాపన తరువాత మందిరం మెట్టు ఎక్కలేదు. వాడికి దేవుని మీద కోపం లేదు. తల్లిని చివరి రోజుల్లో ప్రశ్నలు అడిగిన మనుషుల పక్కన కూర్చోలేనని అంటాడు. వాడిని రమ్మని అడగడానికి నాకు ఇంకా నోరు రాలేదు.

మన పూర్వికులు శ్రమకాలంలో వేరే విధంగా నడుచుకున్నారని గుర్తు చేయడం నా బాధ్యతగా భావిస్తున్నాను. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో తెలుగు మిషను మొదలుపెట్టిన తరువాత చాలా ఏళ్లు ఫలితం వేళ్లమీద లెక్కపెట్టేంతే. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు దీనిని మూసివేద్దామా అని చర్చించారు. ఆ మరుసటి ఏడు జనవరి 1న మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ కొండను మేము నేటికీ ప్రార్థన కొండ అంటాం. ఆ ఖాళీ సంవత్సరాలు వారి విశ్వాసం చాలక వచ్చినవని మనం ఎవ్వరమూ అనం. మరి మన పక్కింటివారి ఖాళీ సంవత్సరాలను ఎందుకు అలా అంటున్నాం?

1876 నుంచి 1878 వరకు మహాకరువు వచ్చింది. జనం పిట్టల్లా రాలిపోతుంటే ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇచ్చి పని కల్పించారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవారికి, అన్నం కోసం వచ్చినవారెవరో నమ్మి వచ్చినవారెవరో తేలాలి కాబట్టి, ఏడాదికి పైగా ఇవ్వకుండా ఆపారు. మనిషి కడుపు కాలుతున్నప్పుడు అతని ఆత్మ మీద బేరం పెట్టకూడదని ఆయన ఎరిగి ఉన్నారు. కరువు సడలిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం ప్రతి జూబిలీ సభలోనూ గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న తట్టలను, పారలను, ఆపి ఉంచిన బాప్తిస్మాలను చెప్పుకోం. తెలంగాణలో మెదక్ చర్చికీ అదే చరిత్ర ఉంది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆ మందిరపు పని, కరువులో ఉన్నవారికి కూడు పెట్టిన పని. ఆ కాలపు కాపరులు శ్రమలో ఉన్నవారికి ముందు పని ఇచ్చారు, తిండి పెట్టారు, పక్కన నిలబడ్డారు.

ఇవన్నీ విన్నవించిన మీదట, సంఘ సభ్యురాలిగా నేను మీముందు పెడుతున్న కోరికలు ఇవి.

1. మీ ఆధ్వర్యంలో జరిగే ఏ కూటంలోనైనా, ఏ వేదికమీదనుంచైనా మందులు మానమని చెప్పడాన్ని నిషేధించండి. మౌనంగా ఊరుకోవడం చాలదు. ప్రార్థన ముగిశాక, "మీ మందులు వాడుతూ ఉండండి, డాక్టరు చెప్పేవరకు ఆపకండి" అని అదే మైకులో చెప్పించండి. ఆ ఒక్క వాక్యానికి పట్టేది ఐదు సెకన్లు. స్వస్థత సాక్ష్యాన్ని పరీక్షల కాగితం చూశాకే వేదిక ఎక్కించండి. కుష్ఠు రోగిని బాగుచేసిన ప్రభువే, వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మన్నాడు.

2. జబ్బుతో, చావుతో, అప్పుతో ఉన్న ఇంటికి వెళ్లే ప్రతి ఒక్కరూ, కాపరులైనా స్త్రీల సమాజమైనా, కారణాలు వెదకకూడదని నియమం పెట్టండి. మొదటి దర్శనంలో ప్రసంగం వద్దు. కూర్చోండి, నీళ్లు కాచిపెట్టండి, వారు అడిగితే చిన్న ప్రార్థన చేయండి. యోబు స్నేహితుల మొదటి ఏడు రోజులు మనకు చాలినంత మాదిరి.

3. శ్రమలో ఉన్న ఇంటినుంచి ఆ శ్రమ పేరుతో కానుక అడగడం, స్వీకరించడం రెండూ మానండి. ఇంతవరకు అలా తీసుకున్నవి, ముఖ్యంగా తాకట్టు పెట్టి తెచ్చిచ్చినవి, అడగకముందే తిరిగి ఇప్పించండి. వెనుక వరుసలో కూర్చున్న ఆ తల్లి తనంతట తాను ఎప్పటికీ అడగదు.

4. దెబ్బలు తిని వచ్చిన స్త్రీని ఆ రాత్రి తిరిగి పంపకండి. ఒక నమ్మకమైన ఇంట్లో ఉంచండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి, 181కి ఫోన్ చేయడానికి పక్కన నిలబడండి. ఆ నంబరు మందిరపు నోటీసు బోర్డుమీద, వాక్యం పక్కనే, పెద్ద అక్షరాలతో రాయించండి.

5. బైబిలు పాఠశాలల బోధకులకు నా వినతి: యోబు గ్రంథం నలభై రెండు అధ్యాయాలూ పూర్తిగా చెప్పండి. ఎక్కడా వెలుగు కనబడకుండా చీకటి అన్న మాటతోనే ముగిసే ఎనభై ఎనిమిదో కీర్తన కూడా లేఖనమేనని చెప్పండి. పరీక్షకు, ప్రేరేపణకు ఉన్న తేడా నేర్పండి. ప్రతి విద్యార్థినీ పట్టా ఇచ్చేముందు కనీసం ఒక నెల ఆసుపత్రి వార్డులో పనిచేయించండి, ప్రసంగించడానికి కాదు, మంచం పక్కన కూర్చోవడానికి. డ్యూటీ నర్సులు వారికి చాలా నేర్పుతారు.

6. ఆరాధనలో సాక్ష్యపు సమయాన్ని కొలిమిలోనే ఉన్నవారికి కూడా ఇవ్వండి. ఇప్పుడు ఆ సమయం బయటపడినవారికే దక్కుతోంది. ఉద్యోగం వచ్చినవారు, వీసా దొరికినవారు, గర్భం నిలిచినవారు ముందుకు వస్తారు, మేమంతా సంతోషంతో స్తుతిస్తాం. ఇంకా జవాబు రానివారు ముందుకు రావచ్చునని ఎవరూ అనలేదు కాబట్టి వారు రారు. అందువల్ల దేవుడు శ్రమలో మనిషిని ఎలా మలుస్తాడో చూసే భాగ్యం సంఘానికి లేకుండా పోతోంది. మలచడం పూర్తయిన కుండనే చూస్తున్నాం గాని, సారె మీద కుమ్మరి చేతిని చూడడం లేదు.

ఈ చివరి కోరిక ఊరికే చేయడం లేదు. నా చెల్లెలు తన చివరి ఏడు నెలలు ఒక పాత అంగన్‌వాడీ హాజరు పుస్తకంలో, పిల్లల పేర్ల వెనుక ఖాళీ పేజీల్లో, రోజుకు నాలుగైదు వాక్యాలు రాసుకుంది. ఆ ప్రశ్నలు ఆమెను వేధించిన రోజులూ అందులో ఉన్నాయి, అవి ఆగిన రోజూ ఉంది. "ఈ రోజు మూడు గంటల నుంచి నొప్పి. ప్రార్థన రాలేదు. యేసయ్యా అని మాత్రం అన్నాను. అదే ప్రార్థన అనుకున్నాను" అని ఒక పేజీలో ఉంది. "గుడ్లకు ఆలస్యంగా వచ్చిన తల్లుల మీద అరిచేదాన్ని. వాళ్లకూ ఇలాంటి రాత్రులు ఉండి ఉంటాయి. నాకు ఇంతకుముందు ఎవరి నొప్పీ తెలియదు" అని మరొక పేజీలో ఉంది. మంచం మీదనుంచే ఆ తల్లులలో ముగ్గురిని పిలిపించుకుని క్షమాపణ అడిగింది. ఆ ముగ్గురూ చివరి వరకు వంతులవారీగా వచ్చి ఆమెకు స్నానం చేయించారు. ఫైలు వేదికమీద పెట్టించుకున్న ప్రసంగీకుల పేరు రాసి, దాని పక్కన "ఈయన కోసం కూడా" అని రాసింది. ఆ పేరు ఈ లేఖలో రాయకపోవడానికి అదే కారణం.

ఈ పుస్తకంలోనుంచి కొంత చదువుతానని మా సంఘంలో రెండుసార్లు అడిగాను. స్వస్థత కలగలేదు కదా, వినేవారి విశ్వాసం బలహీనపడుతుందన్నారు. మళ్లీ అడుగుతున్నాను. మా సంఘమైనా సరే, ఈ లేఖ చదివిన మరే సంఘమైనా సరే, ఏదైనా ఒక ఆదివారం నాకు పది నిమిషాలు ఇప్పించండి. పుస్తకం తీసుకుని వస్తాను. ఆమె కొడుకును కూడా ఆ రోజు రమ్మని అడుగుతాను.

ప్రభువునందు,
విశ్రాంత స్టాఫ్ నర్సు,
ఒంగోలు ప్రాంతపు ఒక విశ్వాసురాలు